స్టేషన్ మూతపడిన రోజు బాబావలి చెప్పిన మాట

నా పేరు దూదేకుల మదార్బీ. వయసు యాభై నాలుగు. సొంతూరు కడప జిల్లా ముద్దనూరు దగ్గరి పల్లె. సౌదీలో దమ్మామ్‌కు రెండు గంటల దూరంలో, వాది పక్కన, అంటే వాన పడితేనే పారే వంక పక్కన ఉన్న చిన్న రైల్వే స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ హాలు శుభ్రం చేసేదాన్ని. నాకు తెలుగు తప్ప వేరే భాష రాదు. నేను చెప్పేది జ్ఞానరాజు గారు అరబీలో లేబర్ ఆఫీసర్ గారికి చెబుతున్నారు. ఫైల్లో ఉన్న నా మొదటి మాటను సరిచేయడానికి వచ్చాను.

బాబావలి నా తమ్ముడు. వయసు నలభై ఒకటి. అదే స్టేషన్‌లో పట్టాల పని. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. పెంచింది నేనే.

2023 నవంబరు 12, ఆదివారం. పదకొండు గంటలకు వాన మొదలైంది. మధ్యాహ్నం అస్ర్ నమాజు చదివి లేచేసరికి వాదిలో నీళ్లు వచ్చాయి. రెండూ యాభైకి సూపర్‌వైజర్ బాబావలిని పిలిచి, పట్టాల కట్ట కింద తూములో చెత్త అడ్డం పడిందేమో చూసి రమ్మన్నాడు. ఇప్పుడు తాను పంపలేదంటున్నాడు.

నేను టీ పెడుతున్నాను. "నీళ్లు పెద్దగా వస్తాండాయి, పోవద్దురా" అన్నాను.

"నీ టీ కంటే ఈ వంకనీళ్లే చిక్కంగా ఉండాయి కదక్కా" అని నవ్వాడు. పార తీసుకున్నాడు. "పోయొస్తా" అన్నాడు.

మూడూ ఐదుకు కట్ట జారింది. పట్టాలు గాలిలో వేలాడాయి. వాడి పసుపు జాకెట్ నీళ్లలో రెండుసార్లు కనబడింది. మూడోసారి కనబడుతుందని ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాను. టీ మాడిపోయింది.

ఆ సాయంత్రమే స్టేషన్ మూసేశారు. మళ్లీ తెరవలేదు.

బుధవారం పది గంటలకు కంపెనీ ఆఫీసు నుంచి నౌమాన్ సార్ ఫోన్ చేశాడు. ఆయనది లక్నో. హైదరాబాదులో పనిచేసి కొంత తెలుగు నేర్చుకున్నాడు.

"బాబావలి ఎక్కడ?"

"పోయినాడు సార్."

"ఎవరికైనా చెప్పాడా?"

"నాతో చెప్పే పోయినాడు."

"ఏమైనా తీసుకెళ్లాడా?"

"పార."

మా ఊళ్లో చచ్చిపోయినవాళ్లను కూడా పోయినారనే అంటాం. చచ్చిపోయినాడనే మాట నా నోట రాలేదు. నౌమాన్ సార్ మంచివాడే. నేను చెప్పిందే రాసుకున్నాడు. అక్కకు చెప్పి, కంపెనీ పార తీసుకుని పని వదిలి వెళ్లిపోయాడని రాశాడు. దాన్ని హురూబ్ అంటారట, పారిపోవడం. పారిపోయినవాణ్ణి నీళ్లలో ఎవరు వెతుకుతారు? వాణ్ణి వెతకడానికి వచ్చిన జేసీబీలు గురువారం వెనక్కి వెళ్లాయి.

నన్ను దమ్మామ్‌లో గోడౌన్ పనికి మార్చారు. ఒక శుక్రవారం సెలవు పెట్టి స్టేషన్‌కు వెళ్లాను. గేటుకు గొలుసు వేసి ఉంది. అద్దంలోంచి చూస్తే వెయిటింగ్ హాల్లో మోకాలెత్తు ఇసుక. నా మాప్ గోడకు ఆనించినట్టే ఉంది. వాదిలో నీళ్లు లేవు.

చనిపోయినవాళ్లకు చదివే జనాజా నమాజు వాడికి జరగలేదు. పారిపోయినవాడికి ఎలా చదువుతారని మసీదులో అడిగారు. దువాలో వాణ్ణి బతికున్నవాళ్లలో చెప్పాలో, పోయినవాళ్లలో చెప్పాలో తెలియక, పేరొక్కటే చెబుతున్నాను.

ఇప్పుడు చెప్పినా, శవం లేకుండా హురూబ్ తీయడం కష్టమని ఆఫీసర్ గారు అన్నారు. సరే అన్నాను. అయినా రాసుకోమన్నాను.

వాడు "పోయొస్తా" అన్నాడు. ఆ మాటలో సగమే ఫైల్లోకి ఎక్కింది. వస్తానన్న సగాన్ని ఇన్నాళ్లూ నేను పట్టుకుని ఉన్నాను. ఈరోజు వదిలేస్తున్నాను. నా తమ్ముడు బాబావలి పారిపోలేదు. చచ్చిపోయాడు.

జ్ఞానరాజు గారు ఇదంతా తిరిగి తెలుగులో చదివి వినిపించారు. "పోయినాడు" అని వచ్చిన ప్రతిచోటా ఆపి, ఏ పోవడమని అడిగారు, చెప్పాను. ఎవరి బలవంతమూ లేదు. అల్లా సాక్షిగా ఇది నిజం. చదువు రాదు కనుక వేలిముద్ర వేస్తున్నాను.

దూదేకుల మదార్బీ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర
2024 జనవరి 8, ఉదయం 11:20