ఆపితే లెగని గేము డబ్బాలు

"అమ్మమ్మా, తాతయ్యకి వీడియోగేముల కొట్టుండేదట కదా. ఎందుకు మూసేశారు?"

మూసేసేరని ఎవులు సెప్పేరే నీకు? అదే మూతపడిపోనాది. కూకో, సెప్తాను. ఆ సెల్లు పక్కనెట్టు... రికార్డవుతన్నాదా? అయితే ఉండనీ.

మీ తాత దానియేలు ముందు పోర్టులో కలాసీ. బస్తా జారి కాలి మీద పడిపోయి, మరి బరువులు మొయ్యలేక మానేసేడు. అప్పుడు పూర్ణా మార్కెట్ ఎనకాల సందులో ఓ గది అద్దెకి తీసుకుని నాలుగు గేము డబ్బాలెట్టేడు. బీరువాల్లాగుండీవిలే. పైన టీవీ, కింద తిప్పడానికో పుల్ల, రెండు బొత్తాలు. రూపాయి బిళ్ళేత్తే ఓ ఆట, నాలుగూ కలిపి ఒకటే మోత. అప్పట్లో రూపాయంటే రెండు టీలు... కాదు, ఒకటేనేమో. సర్లే. ఇసకేత్తే రాలనంత జనం.

ఒకనాడు అప్పలకొండ అని, సేపలమ్మీ మనిషి, గంప గుమ్మంలో దించి గొడవకొచ్చింది. "నా కొడుకు బడి మానీసి ఇక్కడే పడుంటన్నాడు. మీ కొట్టు తగలెట్టీత్తాను" అన్నాది. మీ తాత మాత్రం నెమ్మదిగా, "సెల్లీ, ఇంక బడి టైములో ఆడ్ని రానిత్తే నన్నడుగు. ముందిదేటో ఓపాలి సూడు" అని ఇమానం ఆటెట్టేడు. ఆవిడ తడి సెయ్యి సీరకి తుడుసుకుని పుల్లట్టుకుంది. ఓలమ్మ, ఇమానం పేలిపోతే ఎంత కేకేసిందనుకున్నావ్!

మర్నాటి నుంచీ సేపలమ్మడం అయ్యాక మజ్జానం ఆవిడా వచ్చీది. కొట్టంతా నీసు కంపు. ఎవులూ ఏటీ అనీవోరు కాదు, అంత బాగా ఆడీది. బడి టైములో ఏ గుంటడొచ్చినా ఆవిడే సెవట్టుకుని తరిమేసీది.

తర్వాతేటి, ఇళ్ళల్లోకి కంప్యూటర్లొచ్చేయి. ఆ ఎనకాల సెల్లులు. సేతిలోనే ఆటుంటే సందులోకి ఎవులొత్తారు, నువ్వే సెప్పు? ఒక్కొక్కళ్ళే తగ్గిపోయేరు. మీ తాత మాత్రం పొద్దున్నే నాలుగు డబ్బాలకీ కరెంటేసీవోడు. "ఎవులూ రాని కొట్టుకి కరెంటెందుకయ్యా?" అంటే, "పాతయిపోయేయి రూతూ, ఆపితే మరి లెగవు" అనీవోడు. లోపలి సామాన్లేటీ దొరకవు మరి. ఊళ్ళో బాగుసేసీవోడు కూడా మానుకున్నాడు.

అలగుండగా పెద్ద తుపానొచ్చింది. ఊరంతా సీకటి, కొట్టులోకి నీళ్ళు. తోడిపొయ్యడానికి అప్పలకొండే వచ్చింది, మేం అడక్కుండానే. కరెంటొచ్చిన్నాడు ముగ్గురం నిలబడి సూత్తన్నాం, ఆయన స్విచ్చేసేడు. ఒక్కటే ఎలిగింది. అదీ సగం బొమ్మ, సగం గీతలు. ఆయన స్క్రూడ్రైవరు తీసేడు. అప్పలకొండ ఆ సెయ్యట్టుకుని, "అన్నా, నువ్వు సేయగలిగింది సేసేవు. ఇంక సాలు" అన్నాది.

ఏళ్ళ తరబడి నాను సెప్పిన మాటే. నా మాట ఇన్నేదు, ఆవిడ సెప్తే ఇన్నాడు. కోపమొచ్చిందా అంటే కొంచెమొచ్చింది, అబద్దమెందుకు. హమ్మయ్యనుకుని ఊపిరి కూడా పీల్సుకున్నాను.

డబ్బాలు పాతసామాన్లోడు తోపుడుబండి మీద అట్టుకుపోయేడు. ఈయన ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఏడుత్తాడేమోనని సూసేను. ఏడవనేదు. "సెవులు కాళీ అయిపోయేయి రూతూ" అన్నాడు, అంతే. మరి కొన్ని నెల్లు ఈ వరండాలో కూకుని గోడకేసి సూసీవోడు.

అప్పుడూ అప్పలకొండే. మిక్సీ ఒకటి సంకనెట్టుకొచ్చి, "అన్నా, ఇది తిరగటం నేదు సూడు" అని ఒళ్ళో పడేసింది. ఇప్పేడు, తుడిసేడు, సాయంత్రానికి తిప్పేడు. ఇంక సందంతా ఎగబడ్డారు. ఫేన్లూ, ఇస్త్రీపెట్టెలూ, మిక్సీలూ, అన్నీ ఈ వరండాలోనే. పొద్దస్తమానం గర్రుగర్రుమని ఒకటే గోల. పక్కింటోళ్ళు ఇసుక్కునీవోరు. నాను మాత్రం, ఆయన పోయినదాకా, ఒక్కపాలి కూడా ఆపమన్లేదమ్మా.

సర్లే... దేవుడు నిన్ను సల్లగా సూడాలి. నీకూ అలాటి మనుషులు దొరకాలి, పిలవకుండా గుమ్మంలోకొచ్చీవోరు... దా, అన్నం సల్లారిపోతన్నాది.