మేవిస్ నెరిసిన జుట్టు

ఒక ఇంగ్లీషు ప్రభువుల కుటుంబం గురించిన వరుస సినిమాల్లో ఇదే ఆఖరిది. మొదటి సినిమా నుంచీ యార్క్‌షైర్‌లోని వాళ్ల కోట వంటింట్లో మాటల్లేని పనిమనిషి వేషం మేవిస్‌దే. మేకప్ అమ్మాయి గోధుమరంగు విగ్గు తెచ్చింది.

"పెట్టుకోండి మేవిస్ గారూ, కెమెరా సిద్ధమైంది."

"పెట్టుకోను తల్లీ. దొరసాని వేషానికి నెరిసిన జుట్టే ఉంచారుగా?"

"ఆవిడ కథలో పెద్దదయిందండీ."

"గిన్నెలు తోముతుంటే నాకు వయసు ఆగిందా?"

"డైరెక్టర్ గారు మిమ్మల్ని తీసేస్తారు."

"తీసేయనీ. ఇన్నేళ్లూ నోరెత్తలేదు. ఈ ఒక్కసారి నా తల ఉన్నది ఉన్నట్టే కనబడాలి."

"అబ్బ, ఎంత మొండివారండీ!"

"ఇప్పుడు తెలిసిందా?"

అమ్మాయి విగ్గు పక్కన పడేసి దువ్వెన అందుకుంది.

"ఇటు తిరగండి. ఆ తెల్ల వెంట్రుకలు పనిమనిషి టోపీ కింద దాక్కున్నాయి, బయటికి తీస్తాను."