కొలతల యాప్ మీద సంతకం

అమ్మ కుట్టు దుకాణం వెనక గది. ముందు గదిలో అమ్మ బేరాలు చూసుకుంటోంది. మధ్యాహ్నం. గుడ్డల మూటల మధ్య బల్ల ముందు అన్నయ్య లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనడిగేది ఒక్క ఫైలే అన్నయ్యా. సరిచేసిన యాప్ తయారైపోయింది. నువ్వా కీ ఫైలు ఇస్తే ఇది మనదేనని దాంతో సంతకం చేసి యాప్ స్టోర్‌కి పంపేస్తాను."

"చూస్తానన్నానుగా."

"పొద్దుననగా అన్నావు."

"పనిలో ఉన్నాను చిన్నీ, కనబడట్లా?"

"ఏం పని?"

"ఏదో ఒకటి. నీకు చెప్పే చేయాలా?"

"అది కాదు. ఫోన్లకి కొత్త వెర్షన్ వచ్చింది కదా, మన కొలతల యాప్ తెరవగానే మూసుకుపోతోంది. పొద్దుట్నుంచి టైలర్ల దగ్గర్నుంచి నూట నలభై మెయిళ్ళు. ఒకావిడ మూడొందల స్కూలు యూనిఫారాలు ఒప్పుకుందట. పిల్లల కొలతలన్నీ మన యాప్‌లోనే..."

"మన యాప్ కాదు. నీ యాప్."

"ఇప్పుడా గొడవెందుకు?"

"గొడవేముంది, ఉన్నమాటే. స్టోర్‌లో నీ పేరు. పేపర్లో నీ ఫొటో. అమ్మ దాన్ని కత్తిరించి మిషనుకి ఎదురుగా గోడకి అంటించింది. నేనూ నా పేరుతో నాలుగు యాప్‌లు చేసి స్టోర్‌లో పెట్టాను. వాటి పేర్లయినా తెలుసా అమ్మకి?"

"నాలుగూ అమ్మ ఫోన్లో ఉన్నాయి."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"అదీ సంగతి."

"సరే, నువ్వు లే. నేను వెతుక్కుంటాను."

"ముట్టుకోకు."

"ఏం?"

"ఆ కీ పాస్‌వర్డ్ మర్చిపోయాను."

"పాస్‌వర్డ్ నాకు గుర్తుంది. నాకు ఫైలు కావాలి."

"ఈమధ్య లాప్‌టాప్ రిపేరుకిచ్చాను. అప్పుడేమన్నా పోయిందేమో."

"పోయిందా? పోయిందేమోనా?"

"ఏదో ఒకటి."

"చిన్నీ, తెరుచుకుందా అది? ఇక్కడ దుకాణంలో ఈవిడ బ్లౌజు కొలతలకోసం గంట నుంచి నిలబడి ఉందే."

"రెండు నిమిషాలమ్మా. ఆవిడకి కుర్చీ వెయ్యి... విన్నావా? అమ్మ పనే ఆగిపోయింది."

"మళ్ళీ టేపు పెట్టి కొలుచుకోమను. నువ్వు ఈ యాప్ చేయకముందు కుట్టలేదా?"

"అన్నయ్యా, కీ పోతే ఏమవుతుందో నాకు నేర్పిందే నువ్వు. సంతకం మారితే ఫోన్ ఆ అప్‌డేట్‌ని లోపలికి రానివ్వదు, ఎవరో పరాయివాళ్ళు వచ్చారనుకుంటుంది అన్నావు. అప్పుడు పాతది తీసేసి కొత్తది పెట్టుకోవాలి. తీసేస్తే అందులో కొలతలన్నీ పోతాయి. పదకొండు వేలమందివి."

"ఒక కాపీ స్టోర్ వాళ్ళ దగ్గర దాచాల్సింది."

"దాస్తానంటే నువ్వే వద్దన్నావు. మన తాళం మన దగ్గరే ఉండాలన్నావు."

"అప్పుడు మనది."

"ఇటు చూడు. ఆ లాప్‌టాప్‌లోకి కాదు, నా మొహంలోకి చూడు. ఫైలు ఉందా, లేదా?"

"లేదు."

"ఎలా పోయింది?"

"పోలేదు. తీసేశాను."

"పొరపాటున."

"కాదు."

"పెన్‌డ్రైవ్‌లో ఇంకోటి ఉండాలి కదా. బీరువాలో ఉంది, నీలం రంగుది."

"అదీ చెరిపేశాను. కూర్చో చిన్నీ, అలా నిలబడకు."

"ఎప్పుడు?"

"పోయిన బుధవారం."

"బుధవారమంటే నువ్వు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన రోజు."

"ఆఁ."

"బాగా జరిగిందన్నావు."

"మరేం చెప్పమంటావు? మీ పని చూశాం, ఒకసారి వచ్చి మాట్లాడండి అని వాళ్ళంతట వాళ్ళు మెయిల్ పెట్టారు. నా నాలుగింట్లో ఏదో ఒకటి చూసుంటారనుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను. కూర్చోగానే కొలతల యాప్ అన్నారు. నెట్ లేకపోయినా ఎలా పనిచేస్తోంది, పాత ఫోన్లో అంత తేలిగ్గా ఎలా నడుస్తోంది, నలభై నిమిషాలు అదే. పన్నెండేళ్ళుగా నేను చేసినదాని గురించి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట లేదు. నీకు కీబోర్డు మీద అక్షరాలు చూపించిందే నేను. ఆఖరికి నీ గురించి చెప్పడానికి నన్ను పిలిపించుకున్నారు. తల కొట్టేసినట్టయింది."

"నువ్వేమన్నావు?"

"ఆ యాప్‌తో నాకే సంబంధం లేదన్నాను."

"అలాగే అన్నావా?"

"ఒకటికి రెండుసార్లు. ఒకాయన మళ్ళీ అడిగాడు, నిజంగానా అని. ఒక్క లైను కూడా నాది కాదని చెప్పి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి నువ్వు ఇదే గుమ్మంలో నిలబడి ఎవరో టైలరావిడతో ఫోన్లో నవ్వుతున్నావు. ఒళ్ళు మండిపోయింది. చెరిపేశాను. ఓ అరగంట హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. అప్పట్నుంచీ తిండి సయించట్లేదు."

"వాళ్ళంతట వాళ్ళే నీకు మెయిల్ పెట్టారా?"

"అది వదిలెయ్. తిట్టు, ఏదో ఒకటి అను చిన్నీ."

"నేను నీ చెల్లెలినని వాళ్ళన్నారా?"

"అనాలా? తెలీకుండా ఎందుకడుగుతారు?"

"అన్నారా, లేదా?"

"అనలేదు. అయినా నువ్వే చెప్పుంటావులే, మా అన్నయ్య ఖాళీగా ఉన్నాడు, కాస్త చూడండని."

"నాకా కంపెనీ పేరే తెలీదు. స్టోర్‌లో నాది వట్టి పేరే ఉంది, ఇంటిపేరు కూడా పెట్టలేదు. నా పేరు చూసి నీ దగ్గరికెలా వస్తారు?"

"మరెలా వచ్చారు?"

"కీ తయారుచేసిన రోజు నీకేదో ఫోనొచ్చి బయటికెళ్ళావు. అప్పుడు కంప్యూటర్ అడిగింది, సంతకం ఎవరి పేరు మీద అని. ఒక్కసారి కొట్టాక ఇక మార్చడానికి లేదు. ఎవరైనా యాప్ విప్పి చూస్తే ఆ పేరే కనబడుతుంది."

"ఎవరి పేరు కొట్టావు?"

"నీ పేరే అన్నయ్యా. వాళ్ళు పిలిచింది దాన్ని చూసే."