ఇరవై గోవిందలు

గవర్నమెంటు ఆస్పత్రిలో కాలినవాళ్ళ వార్డు బయట వరండా, సాయంత్రం నాలుగు. చూలై పేటలో ముప్పై ఏళ్ళుగా హోటళ్ళకు గ్యాసు పొయ్యిలు చేసే చిన్నస్వామి చేతిలో ఒక కాగితం, ఒక ఇంకు డబ్బా. మైలాపూరు మెస్సులో దోసెలు పోసే తాయారు వీపు నిండా కట్లతో బెంచీ మీద పక్కకు ఒరిగి కూర్చుంది. నాలుగు రోజుల కింద భగ్గుమన్న పొయ్యి ఆయన చేసిందే. ఆయన ఆపిలు పండ్లు కూడా తెచ్చాడు గానీ, పండ్లివ్వడానికే వచ్చాడని ఆయన కూడా అనుకోవడం లేదు.

"ఈడ వేలు పెడితే చాలమ్మా. అంతా చదివి చెప్పినా గదా."

"సగం చెప్పినారన్నా. స్పూను కాడికి వచ్చి ఆగిపోయినారు."

"అదే, స్పూను... పొయ్యి బటను ఎగరకుండా దాంట్లో స్పూను దూర్చి పెట్టినానని నువ్వు చెప్పినట్టు. వంటోళ్ళు అందరూ చేసేదే గదా. దాంట్లో ఏముండాది."

"నేను దూర్చలా."

"దూర్చలేదని నాకు తెలుసు. అంటే, తెలుసని కాదు. ఆ పరుగులో ఎవురు ఏం చేసినారో ఎవురికి తెలుసు?"

"దూర్చలా అన్నా. పొయ్యి పెట్టిన దినం మీరే చెప్పినారు, బటన్లో ఏదన్నా దూర్చితే వాల్వు మూసుకోదు, చస్తారు అని. ఆ మాట విన్నాక అగ్గిపుల్ల కూడా దాని దగ్గరికి పోనీలా నేను."

"సరి సరి. పండు తిను. కోసి ఇయ్యనా?"

"వద్దు. నిరంజన్ సారు పంపినారా మిమ్మల్ని?"

"మీ ఓనరూ చెప్పినాడు, నాకూ అనిపించింది. రేపు ఇన్స్పెక్టరు వస్తాడంట. మెస్సు తప్పా, పొయ్యి తప్పా, వంటోళ్ళ తప్పా అని రాసుకోని పోతాడు. వంటోళ్ళ తప్పంటే నిన్నేమీ చెయ్యరమ్మా. రాసి మూసేస్తారు. మెస్సు తప్పంటే మెస్సుకి సీలు. పొయ్యి తప్పంటే..."

"మీ షెడ్డుకి సీలు."

"ముప్పై ఏండ్లమ్మా. చిన్నస్వామి పొయ్యి అంటే ఈ ఊర్లో..."

"తెలుసన్నా. తెలిసే గదా నమ్మినాం."

"నీకేం తక్కువ కాదులే. ఆస్పత్రి ఖర్చంతా నిరంజనే చూసుకుంటాడంట. కట్లు ఊడదీసినాక పని కూడా నీకే ఉంటాది. ఒక్క వేలిముద్ర. అంతే గదా."

"తమిళంలో రాసినారు గదా ఇది?"

"ఆ. నీకు చదవను రాదని నేనే చెప్పినా గదా తెలుగులో."

"నాకు రాదు. మా ఇంట్లో చదివేవాళ్ళు ఉండారు. ఈ కాగితం ఎప్పుడన్నా ఒకనాడు వాళ్ళ కంట పడతాది. నాకు ఇన్స్పెక్టరంటే భయం లేదన్నా, వాళ్ళు చదవతారనే భయం."

"ఎవురు, మీ పాపా? ఆ మెట్ల కాడ ఎక్కతా దిగతా ఉండేది కార్తీక గదా? పలకరించినా. నన్ను చూసి మొహం తిప్పుకునింది."

"కూసోని కూసోని కాళ్ళు పట్టుకున్నాయంట."

"చీరల అంగడికి పోవడం లేదా?"

"లీవు పెట్టింది."

"ఆదివారమైతే నీకు సాయంగా మెస్సుకి వస్తాదని చెప్పినాడు నిరంజన్. ఆ దినం ఆడనే ఉండిందా?"

"ఉండింది, యాడనో. కాగితం సంగతి చెప్పండి మీరు."

"కాగితం సంగతి చెప్పాలంటే నువ్వు చెప్పాల ముందు. ఏం జరిగింది? నేనేమీ రాసుకోను. ఊరికే చెప్పు."

"ఏముంది చెప్పేదానికి. జనం బాగా ఉండారు. పెనం మీద మాడు పట్టింది. మంట తగ్గించి, నీళ్ళు చల్లి, చీపురుతో ఊడ్చినాం. నీళ్ళు ఎక్కువైనాయి. అంచు నుంచి కిందకి కారినాయి. లోపల ఎప్పుడూ వెలగతా ఉండే చిన్నమంటా ఆరింది, పెద్దమంటా ఆరింది."

"గ్యాసు నాబు మూసినారా?"

"మూయొద్దన్నది ఎవురు అన్నా?"

"నేను మూయొద్దన్నానా?"

"మూసే పని లేదన్నారు. ఇది కొత్త మోడలు, దీనికి తెలివుండాది అన్నారు. చిన్నమంట పక్కన రాగి కడ్డీ ఉండాది, మంట ఉన్నంతసేపూ అది కాగి వాల్వుని తెరిచి పట్టుకుంటాది, మంట ఆరితే కడ్డీ చల్లారి వాల్వు దానంతట అదే టక్కుమని మూసుకుంటాది అన్నారు. మెస్సులో అందరికీ నిలబెట్టి చెప్పినారు. మాకు కాఫీ కూడా చల్లారిపోయింది ఆ దినం."

"చెప్పినా. నిజమే గదా అది."

"ఎంతసేపట్లో మూసుకుంటాదని నేనే అడిగినా. వాచీ చూసే టయం మీకు యాడుంటాది, తిరుమల కొండెక్కేటప్పుడు మెట్టుకో గోవింద అంటామే, ఆ నిదానంలో ఇరవై అనుకోండి, అంతలోపల మూసుకోకపోతే నా పేరు చిన్నస్వామి కాదు అన్నారు."

"ఇరవైకి మూసుకుంటాది. అంతకు ముందే మూసుకుంటాది. టక్ మని వినపడిందా?"

"పక్కన గ్రైండరు తిరగతా ఉంది. దాంట్లో ఏం వినపడతాది? ఇరవై అయినాయి. ఇరవై అయినాక లైటరు. అంతే. భగ్గుమనింది."

"తొందరగా ఎంచినావేమో."

"లేదు."

"ఎదురుగా జనం నిలబడుకోని దోసె దోసె అంటా ఉంటే గోవిందలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయమ్మా. నువ్వే అనుకుంటావు నిదానంగా అన్నానని."

"నిదానంగానే. నేను విన్నా గదా."

"విన్నావా?"

"నా నోట్లో అనుకునేది నాకు వినపడదా? ఏందన్నా మీరు."

"కాదులే... ఒకటి అడగతా, ఏమీ అనుకోవద్దు. గ్యాసు భగ్గుమంటే లైటరు పట్టుకున్నోళ్ళకి మొహం కాలతాది, చేతులు కాలతాయి. ఎన్ని చూసినా నేను. నీకు మొహం మీద మచ్చ లేదు. చేతులు చేతులుగానే ఉండాయి. వీపు ఎట్ల కాలింది?"

"తిరిగినా."

"లైటరు కొట్టి, వెంటనే తిరిగినావా?"

"వాసన తగిలింది, తిరిగినా. మీరు పొయ్యికి డాక్టరా, నాకు డాక్టరా అన్నా?"

"కోపం వద్దు. నేను అనేది ఏమంటే, షెడ్డులో పన్నెండు పొయ్యిలకీ నేనే ఎంచినా. ఇంకొకరి మీద వదల్లా. వెలిగించి, బాగా కాగినాక ఆర్పి, చెవి ఆనించి ఎంచినా. ఒక్కటి కూడా పదిహేను దాటలా. మీ పొయ్యి పన్నెండుకే టక్ మనింది. మా ఫిట్టరు బాబు సాక్షి. నా లెక్కలో తప్పులేదు. అందుకే, నీ లెక్కలోనే యాడనో..."

"పెనం ఎంత వేడిగా ఉన్నప్పుడు పన్నెండు?"

"పెనమా?"

"ఆ."

"షెడ్డులో పెనం యాడిదమ్మా? ఎనభై కిలోలు అది. పోత పోసేవాడి దగ్గరనుంచి నేరుగా మీ మెస్సుకే వస్తాది. మేము ఉత్త పొయ్యిని వెలిగించి, ఆర్పి, ఎంచి పంపిస్తాం. పాత మోడలు కాలం నుంచీ అంతే."

"పాత మోడల్లో చిన్నమంట బయట, పక్కన గదా ఉండేది."

"బయటే ఉండేది. ఫ్యాను గాలికి ఆరిపోతా ఉందని మెస్సులోళ్ళంతా నా ప్రాణం తీస్తే, లోపలికి, పెనం కిందకి జరిపినా. దాన్నే గదా అందరూ మెచ్చుకునింది."

"రాగి కడ్డీనీ జరిపినారా?"

"చిన్నమంట యాడుంటే కడ్డీ ఆడ ఉండాల గదా. దానికీ పెనానికీ నడుమ అంగుళం కూడా..."

"అంగుళం కూడా ఏందన్నా?"

"ఏంలే."

"మధ్యాన్నం పొయ్యి ఆపితే, సాయంత్రం దాకా మా పెనం మీద చెయ్యి పెట్టలేమన్నా."

"పెనమంటే అంతే."

"అంత వేడి నెత్తిన పెట్టుకోని, ఆ కడ్డీ ఇరవై గోవిందలకి ఎట్ల చల్లారతాది?"

"అదంతా మనకెందుకు తాయారమ్మా. అది టెక్నికల్. వేలు పెట్టు, పోతా. బస్సు దొరకదు మళ్ళీ."

"పెడతా. ఇదిగో వేలు. మీరే పట్టుకోని అద్దుకోండి, నేనేమీ అడ్డం చెప్పను. అద్దే ముందర ఒక్క మాట. పెనం కాగి ఉంటే, ఎన్ని గోవిందలకి టక్ మంటాది?"

"ఈ ఇంకు డబ్బా మూత రావడం లేదు, ఉండు."

"చెప్పండి. చెప్పి అద్దుకోండి."

"తెలీదు."

"మీకు తెలీదా?"

"ఎంచలా. పెనం పెట్టి ఎప్పుడూ ఎంచలా. నూరో, నూటయాభయ్యో. మంట లేకపోయినా పెనం వేడికే కడ్డీ కాగి, వాల్వుని పట్టుకోనే ఉంటాది. గ్యాసు వస్తానే ఉంటాది. ఇరవైకి లైటరు కొట్టమని నేను చెప్పినా."

"ఇట్ల వచ్చి కూసోండన్నా."

"నా ముప్పై ఏండ్ల పని తాయారమ్మా. ఒక్క పెనం తెచ్చి షెడ్డులో పెట్టుకోని ఉంటే... మోసేదానికి కష్టమని. అంతే. మోసేదానికి కష్టమని."

"మిగతా పదకొండూ యాడుండాయి?"

"టి. నగర్లో నాలుగు. చూలైలో మూడు. తక్కినవి ఆడొకటి ఈడొకటి."

"టయమెంత?"

"నాలుగుంబావు."

"టిఫనుకి పెనం ఊడ్చే టయం గదన్నా. నీళ్ళు చల్లతా ఉంటారు. మీరు చెప్పినట్టే ఎంచుకుంటా ఉంటారు, పాపం."

"ఉండు. ఉండు, ఫోను... హలో, బాబూ, ఏం చేస్తా ఉండావు? పక్కన పెట్టెయ్. కొత్త మోడలు యాడెక్కడ పెట్టినామో అన్నిటికీ ఇప్పుడే ఫోను కొట్టు. టి. నగర్ వాళ్ళకి ముందు. పొయ్యి ఆపెయ్యమను. నాబు కాడ కాదు, సిలిండరు కాడ మూయమను. ఎవురూ లైటరు ముట్టకూడదు. ఎత్తకపోతే బండేసుకోని పో. తిట్టనీ, ఓనర్లు తిడితే తిట్టనీ. నేను చెప్పినానని చెప్పు. ఏందీ? వంటోళ్ళదా? కాదు. వంటోళ్ళది కాదురా. నాది. పదకొండూ ఆపినాక నాకు ఫోను చెయ్యి. ఒక్కొక్కటి ఆపినప్పుడల్లా చెయ్యి. పెట్టేస్తా ఉండా."

"నీళ్ళు తాగండన్నా. ఆ సీసాలో ఉండాయి."

"ఇటియ్యి ఆ కాగితం. ఛీ, నువ్వు స్పూను దూర్చినావని రాయించినానే. రేపు ఇన్స్పెక్టరుకి నేనే చెప్తా, పెనం పెట్టి ఎంచి చూపిస్తా. సీలు వేస్తే వెయ్యనీ. నిరంజన్‌కి ఏం చెప్పాలో అదీ నేనే చూసుకుంటా. నీ మీద గోరంత తప్పు లేదు తాయారమ్మా. నువ్వు నిదానంగానే ఎంచినావు. ఇరవై ఇరవైగానే ఎంచినావు. ఆ మాట నీకు చెప్పాల నేను."

"నాకు చెప్పి లాభం లేదన్నా."

"ఎందుకు లేదు? కాలింది నువ్వు గదా."

"కాలింది నేను. ఎంచింది నేను గాదు."

"ఏందీ?"

"లైటరు కొట్టింది కార్తీక. వాసన తగిలి నేను దాన్ని వాటేసుకోని, పొయ్యికి వీపు తిప్పినా. అంతలోనే భగ్గుమనింది. నాలుగు దినాలుగా అన్నం ముట్టలా అది. అమ్మని నేనే కాల్చినా, తొందరగా ఎంచినా అనుకోని, ఆ మెట్లు ఎక్కతా దిగతా మెట్టుకో గోవింద అంటా, సరిగ్గా అన్నానా లేదా అని చూసుకుంటా ఉంది. నేను చెప్తే నమ్మదు. ఆ లెక్క నేర్పింది మీరు. పోయి మీ నోటితో చెప్పండన్నా."