ఎర్రబండా, నీలంబండా

అట్ల బండిని తుపాకీతో తట్టబాకు నాయనా, ఆ ఎర్రరంగు మళ్ళా దొరకదంట! కొత్తరంగు పూస్తే సగం ధర పోతాదంట. నేనన్లేదు, మా కఫీల్, అదే మాకు వీసా ఇచ్చిన ఈ ఇంటి యజమాని, అంటాడు.

నేనా? కుల్సుమ్ బీని. రాయచోటి మాది. పన్నెండేండ్ల నుంచి ఈ ఇంట్లో వంటమనిషిని. మీ ట్యాంకులు కువైట్‌లోకి దిగిన పొద్దే మా కఫీల్ పెండ్లాంబిడ్డల్ని జీపులో ఎక్కించుకొని సౌదీకి పాయె. పోతాపోతా ఏం చెప్పినాడో తెల్సా? "బండ్ల మీద దుమ్ము పడనియ్యొద్దు" అన్నాడు. మేం ఏం తినాలో చెప్పలే.

అరే, ఆ నీలంబండి దగ్గరికి ఎందుకు పోతావు? ఈ ఎర్రదాన్ని చూడు. కార్వెట్ అంటారు. అరవైమూడో సంవత్సరంది. వెనకద్దం మధ్యలో పట్టీ ఉండాది చూడు. దానివల్ల వెనక ఏమొస్తాందో సరిగా కనపడదు. కనపడనందుకే ఎక్కువ ధరంట! ఉన్నోళ్ళ ముచ్చట్లు అట్లుంటాయి. నీకేం ఇబ్బందిలే, వెనక్కి తిరిగి చూసే అలవాటు మీకు యాడుంది?

నీలందా? దాని పేరు మస్టాంగ్. ఛీ, అమెరికాలో ఊరికొకటి ఉంటాదంట. బేస్తవారం బేస్తవారం మా కఫీల్ స్నేహితులొచ్చి, ఈ రెండిట్లో ఏది గొప్పదని కొట్లాడుకుంటాంటే చాయ్ పోసీ పోసీ నా చేతులు పడిపాయె. పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉండాలంట, దాని నంబరూ బండి నంబరూ కలవాలంట. పెండ్లిసంబంధం గూడా అంత చూడరు నాయనా! ఎర్రదానికి కలిసినాయంట. నీలందానికి కలవలేదని మా కఫీల్ రెండ్రోజులు అన్నం తినలే.

ఒసేయ్ రమణీ, వంటింటి తలుపు సందులోంచి చూడబాకే! వీడు నీలంబండి తోలుకొని పాయెనంటే మనం సరిహద్దు అవతల బస్రా దాకా నడవల్ల. ఎర్రదాంట్లో ఇద్దరికి మించి పట్టరు. బిడ్డను ఏడ్వనియ్యబాకు.

ఏమన్నానా? అది మా తెలుగు మాటలే నాయనా. నీకు చాయ్ పెట్టమన్నా.

నీ మాదిరి పెద్ద ఆఫీసరు ఎర్రదాంట్లో దిగితే మీ బస్రా ఊరు ఊరంతా గుమ్మాల్లోకి రాదూ? తీసుకో, తీసుకో. మా కఫీల్ ఏడుస్తాడా? ఏడ్వనీ!

ఏందీ ఫోటో? నీ పిల్లోళ్ళా? ఒకరు, ఇద్దరు... ఐదుమందా! అందరూ పట్టాలనే నీలంది చూస్తాండావా? యా అల్లా! ఎవనికి అంటగట్టబోతి ఎర్రదాన్ని!

సరే నాయనా, ఇంక దాపరికం ఎందుకు? ఆ నీలంబండి మాకే కావాల. వంటింట్లో మనుషులుండారు. బిడ్డతో కలిపి ఐదుగురం. ఈడ విమానాలు లేవు, సరిహద్దు దాటి మీ దేశం మీదుగా పోతేనే మాకు ఇంటిదోవ. తాళాలు నా కాడ ఉండాయి. కాల్చి తీసుకుంటే నిన్ను అడిగేటోడు లేడు. లేదంటావా, మా డ్రైవర్ గురప్ప తోలతాడు, నువ్వు ముందర కూర్చొని మీ చెక్‌పోస్టుల కాడ నీ టోపీ చూపించు. మేం ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుంటాం. బస్రాలో మమ్మల్ని దింపి, బండి నీ పిల్లోళ్ళకు తీసకపో.



తల ఊపినావు. మాట మీద ఉంటావా? ఉండకపోతే మాత్రం నేనేం చేసేది! మమ్మల్ని వదిలేసి పోయినోణ్ణే పన్నెండేండ్లు నమ్మితి. నిన్ను బస్రా దాకా నమ్మలేనా?