నలభై శాతం దుప్పి

ఆవిరి స్నానం చేసి వచ్చి అరుగు మీద కూర్చున్న టౌనో మొదట చిన్న మాటే అన్నాడు. "ఈసారి నేను కాచిన సాహ్తి బీరు కాస్త ఘాటు. ఆల్కహాల్ ఎనిమిది శాతం."

పక్కన అతని భార్య ఐలా ఒళ్లో సుంకం కాగితం పెట్టుకుని ఉంది. ఇన్నేళ్లూ ఇంట్లోకే కాచుకున్నారు, సుంకం లేదు. అమ్మకానికి పోతున్న తొలి పీపా ఇది, ఎదురుగా కూర్చున్న పక్కింటి మిర్యా కూతురి పెళ్లికి. పీపా మీద తన పేరే ఉండాలని టౌనో పట్టు.

"సర్కారుకి మన ధరతో పని లేదు మిర్యా," టౌనో పాఠం మొదలెట్టాడు. "రుచితోనూ లేదు. ఎన్ని లీటర్లు, అందులో ఆల్కహాల్ ఎంత, అంతే. ఘాటు పెరిగితే సుంకం పెరుగుతుంది. కట్టేది కాచినవాడు, చివరికి మోసేది తాగినవాడు."

"ఎనిమిదేనా? మా వియ్యంకుడు నీళ్లంటాడు," అంది మిర్యా.

తన నోరు తనకన్నా ముందు పరిగెడుతుందని టౌనోకి తెలుసు. పట్టుకోవడానికే ఓపిక లేదు.

"నీళ్లా! పిప్పి పెరట్లో పారబోశానా, దుప్పి వచ్చి నాకింది. నాలుగే నాకులు! పన్నెండు కాకపోతే నన్నడుగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరస్సులో దూకి వెనక్కి ఈదుకుంటూ అవతలి గట్టుకి పోయింది. ఇరవై అనుకో. అక్కడ ఆగిందా? మర్నాడు తలుపు కొట్టి, కొమ్ములు విప్పి మేకుకి తగిలించి, ఆవిరి గదిలో పై మెట్టెక్కి కూర్చుంది. 'కాలిన రాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పొయ్యి టౌనో' అంది!"

"ఫిన్నిష్‌లోనే?"

"స్వీడిష్‌లో! అంత ఎక్కింది మరి. నలభైకి తగ్గదు!"

"నలభై." ఐలా కలం ఎత్తింది. "అది సారా లెక్క. కాచింది టౌనో. సంతకం పెట్టు, సుంకం కట్టు."

టౌనో నోట్లో సాసేజ్ ముక్క అలాగే ఆగిపోయింది. "అంటే... అది పిల్ల దుప్పి. ఈదలేదు, జారిపడింది. ఆరు రాయి. ఐదు?"

"పొద్దున్నే కొలిచాను. ఏడున్నర," అంది ఐలా. "మాల్టు నానబెట్టింది నేను, కలిపింది నేను, వడకట్టింది నేను. నువ్వేం చేశావో చెప్పు, పీపా మీద అదీ రాస్తాను."

"కట్టెలు మోశాను."

"ఎన్ని మోపులు?"

"పది," అన్నాడు. ఐలా కలం కాగితానికి ఆనింది.

"రెండు," అన్నాడు గొంతు తగ్గించి. "రెండోది మిర్యా తెచ్చింది."