కవరు మారిన మంగళవారాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న వైస్ ప్రెసిడెంట్ కర్టిస్ బోయమ్ గారికి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూస్తున్న పెద్దలకు, నా ఆఫీసులో ఇరవై ఏళ్లు టైపు కొట్టి ఇవాళ కూడా అల్లిక సూదులు వదలకుండా వచ్చిన బెవ్‌కు, కేకు కోసమే వచ్చామని మొహాల్లోనే తెలిసిపోతున్న విద్యార్థులకు మార్లిస్ ట్వెట్ నమస్కారాలు. (నవ్వులు)

ముప్పై మూడేళ్లు ఈ కాలేజీలో విద్యార్థుల డీన్‌గా ఉండి ఇవాళ రిటైరవుతున్నాను గానీ, నా ఉద్యోగమేమిటో నాకే సరిగా తెలియదు. మా నాన్న పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు, "ఏం పాఠం చెప్తావే నువ్వు?" అని. పాఠం చెప్పను నాన్నా అంటే, "మరి కాలేజీలో నీకేం పని?" అనేవాడు. అయోవా చలిలో కిటికీ తెరవాలా మూయాలా అని కొట్టుకునే గదివాళ్ల మధ్య కూర్చోవడం, మూడు రోజులుగా భోజనశాలకు రాని పిల్ల ఎక్కడుందో వెతకడం, తలుపు తెరిచి పెట్టుకుని ఎవరొస్తారా అని చూడటం. దీన్ని ఏమంటారో ఆయనకు చెప్పలేకపోయాను. మీకు చెప్దామని రాసుకొచ్చిన కాగితం ఇప్పుడు కనిపించడం లేదు. (చేతిసంచి వెతుకుతూ) పోనీండి. నిజానికి ఇందాక కర్టిస్ ఈ జ్ఞాపిక చేతికిచ్చినప్పటి నుంచి నా బుర్ర పనిచేయడం లేదు.

దీని మీద ఏం చెక్కించారో మీకు కనబడదు, నేను చదువుతాను: "ఎవరిని పిలవాలో ఈమెకు తెలుసు." పైగా వచ్చే ఏడాది నుంచి కొత్త విద్యార్థులందరినీ వారానికోసారి పిలిచి మాట్లాడతారట, దానికి మార్లిస్ మంగళవారాలని పేరట. కర్టిస్, నువ్వు ప్రేమగానే చేశావు. కానీ దీన్ని ఇంటికి పట్టుకెళ్లి గోడకు తగిలించుకోవడం నావల్ల కాదు, ఎందుకో చెప్పేస్తాను.

నా రెండో ఏడు. కొత్త పిల్లలు హాస్టల్లో చేరే రోజున ఈ కర్టిస్, అప్పుడు తానూ కొత్త విద్యార్థే అయ్యుండి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరి పెట్టెలూ మోశాడు. అతనికి ఒక ఉత్తరం రాశాను: "మీ సాయానికి కృతజ్ఞతలు. ఇక మీరు రావలసిన పని లేదు." అదే వారం రే హ్రుస్కా అనే కుర్రాడు హాలు అద్దం పగలగొట్టాడు, క్లాసులు మానేశాడు. అతనికి ఇంకో ఉత్తరం: "ఈ టర్మంతా ప్రతి మంగళవారం నాలుగింటికి వచ్చి నన్ను కలవాలి." అప్పట్లో మా ఉత్తరాలన్నీ ప్రియమైన విద్యార్థీ అనే మొదలయ్యేవి, పేరు కవరు మీదే ఉండేది. కవర్లు తారుమారయ్యాయి.

(బెవ్: "అయ్యో మార్లిస్, కవర్లు అంటించేది నేనే కదే!")

నువ్వు కాదులే బెవ్, ఆ రోజు నువ్వు పంటి డాక్టరు దగ్గరికెళ్లావు. అంటించింది నేనే. (నవ్వులు)

మంగళవారం కర్టిస్ వచ్చాడు, అతనే రే అనుకున్నాను. ఎందుకు పిలిచారని అడగలేదు, కాలేజీ అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడనుకున్నాను. రెండో వారం తన సూట్‌కేసు ఇంకా విప్పలేదని, ఏ రోజైనా ఇంటికెళ్లిపోతానని చెప్పాడు. మూడో వారం రే ఫైలు తెరిస్తే అందులో ఫోటో వేరే కుర్రాడిది. నిజం చెప్తే ఇతను సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోతాడు. సరే, ఇతన్ని రానిద్దాం, రేను వచ్చే వారం పిలుద్దాం అనుకున్నాను. ఆ తర్వాతి వారం కూడా అలాగే అనుకున్నాను. పొరపాటు ఒప్పుకోవడానికి సిగ్గు, అంతే, ఇంకో కారణం లేదు. థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకు ముందు రే వాళ్ల నాన్న పికప్ ట్రక్కు తెచ్చి సామానంతా ఎక్కించుకుంటుంటే, నా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. రే తిరిగి రాలేదు.

ఎవరిని పిలవాలో నాకు తెలియలేదు, కర్టిస్. నువ్వు పొరపాటున వచ్చావు.

(కర్టిస్ లేచి, మైకు లేకుండానే: "నాకు తెలుసు మేడమ్.")

ఏం తెలుసు?

(కర్టిస్: "రేది మా ఎదురు గదే. మీ ఉత్తరం వాడు తలుపు మీద అంటించుకున్నాడు, చూడరా, నాకు కృతజ్ఞతలట, ఇంక నన్ను రావద్దంటున్నారు అని నవ్వేవాడు. పెట్టెలు మోసింది నేను గనక అది నాదని మొదటి వారమే తెలిసింది. చెప్తే మీరు నన్ను రావద్దంటారని భయమేసి... చెప్పలేదండీ.")

(మార్లిస్ జ్ఞాపికను బల్ల మీద పెడుతుంది)

కూర్చో, కర్టిస్. నీ మీద కోపం రావాలా, నిన్ను దగ్గరికి తీసుకోవాలా, నాకు తెలియడం లేదు. అంటే ఆ టర్మంతా మనిద్దరం ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఆ కుర్చీ ఎవరిదో ఇద్దరికీ తెలిసే, వాతావరణం గురించి మాట్లాడుకున్నామన్నమాట. మంచి పని జరిగిందో చెడ్డ పని జరిగిందో ముప్పై ఏళ్లుగా లెక్క తేలడం లేదు. నువ్వు మిగిలావు, అతను పోయాడు.

రే ఫోను నంబరు నా దగ్గర పన్నెండేళ్లుగా ఉంది. ఒక్కసారీ చేయలేదు. అతను హాయిగా ఉన్నాడేమో, నన్నెరగనే ఎరగడేమో, ఫోను పెట్టేస్తాడేమో. మంగళవారం నాలుగింటికి నువ్వు ఖాళీ చేసుకో కర్టిస్, ఇద్దరం కలిసి చేద్దాం. ఆ తర్వాత ఈ జ్ఞాపిక సంగతి చూద్దాం, అందాకా ఇది నీ దగ్గరే ఉంచు. ఏం మాట్లాడాలో తెలియదు. మొదటి మాట మాత్రం అనుకున్నాను: "రే, నీకొచ్చిన ఉత్తరం నీది కాదు నాయనా. నిన్ను మేం రమ్మనే రాశాం."

ఇంతసేపు ఓపిక పట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. పిల్లలూ, కేకు అటుంది. నాకిక సెలవిప్పించండి.